గర్భిణుల్లో నడుము నొప్పి, కటి నొప్పి: ఎంతమందికి వస్తాయి? ఎప్పుడు జాగ్రత్తపడాలి?

గర్భిణి నడుము నొప్పిగా ఉందని చెబితే ఇంట్లో పెద్దవాళ్ల నుంచి ఎక్కువగా వినిపించే సమాధానం ‘ఈ సమయంలో అది మామూలే’. ఆ మాటలో నిజముంది. గర్భధారణ సమయంలో ఎక్కువమందిని ఇబ్బందిపెట్టే సమస్యల్లో ఇదొకటి. కానీ, చాలామందికి వస్తుంది కాబట్టి ఓర్చుకోవడం తప్ప దారి లేదనుకోవడం సరికాదు.

ఎంతమందికి వస్తుంది?

ఈ నొప్పుల నివారణ, చికిత్సలపై కాక్రేన్ సంస్థ 2015లో ఒక సమీక్ష ప్రచురించింది. 34 క్లినికల్ ట్రయల్స్‌లో పాల్గొన్న 5,121 మంది గర్భిణుల వివరాలను అందులో పరిశీలించారు. గర్భిణుల్లో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమందికి నడుము నొప్పి, దాదాపు ఐదోవంతు మందికి కటి నొప్పి ఉంటాయని ఆ సమీక్ష పేర్కొంది. 2008లో వెలువడిన యూరోపియన్ మార్గదర్శకాలు కూడా కటి నొప్పి సుమారు 20 శాతం మందిలో ఉంటుందని అంచనా వేశాయి.

అధ్యయనాన్ని బట్టి ఈ లెక్కలు మారుతుంటాయి. ‘గర్భం దాల్చాక ఒక్కసారైనా నొప్పి వచ్చిందా’ అని అడిగితే సంఖ్య ఎక్కువగా ఉంటుంది. ‘ఈ రోజు నొప్పి ఉందా’ అంటే తగ్గుతుంది. డాక్టర్ పరీక్షించి నిర్ధరించిన కేసులనే లెక్కిస్తే ఇంకా తగ్గుతుంది.

రెండూ ఒకటి కాదు

ఈ రెండింటినీ కలిపి ‘నడుము నొప్పి’ అనేయడం మామూలే. వైద్యపరంగా మాత్రం ఇవి వేర్వేరు.

పక్కటెముకల కింది నుంచి పిరుదుల పైభాగం వరకూ వీపు కింది భాగంలో వచ్చేది నడుము నొప్పి. వంగినా, ఎక్కువసేపు కూర్చున్నా, నిలబడినా ఇది పెరగొచ్చు.

కటి నొప్పి అంతకంటే కింద ఉంటుంది. వెన్నెముక చివర కటి ఎముకలతో కలిసే కీళ్ల దగ్గర, పిరుదుల్లో, కొందరికి పొత్తికడుపు కింద కటి ఎముకలు ముందువైపు కలిసేచోట పోటు వస్తుంది. తొడల వెనక్కి కూడా పాకొచ్చు. మెట్లెక్కేటప్పుడు, మంచం మీద పక్కకు తిరిగేటప్పుడు, ఒంటికాలిపై నిలబడి దుస్తులు వేసుకునేటప్పుడు ఇది ఎక్కువవుతుంది.

ఎందుకు వస్తుంది?

పొట్ట పెరిగేకొద్దీ శరీర బరువు ముందుకు జరుగుతుంది. నిటారుగా నిలబడేందుకు నడుము కండరాలు ఎక్కువ శ్రమపడాలి. అదే సమయంలో పొట్ట కండరాలు సాగి బలహీనపడతాయి. కాన్పుకు వీలుగా కటి కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు వదులవుతాయి. రిలాక్సిన్ అనే హార్మోన్ వల్లే నొప్పి వస్తుందన్న అభిప్రాయం ఉన్నా, ఆ హార్మోన్ స్థాయికి, నొప్పి తీవ్రతకు స్పష్టమైన సంబంధం అన్ని అధ్యయనాల్లోనూ కనిపించలేదు.

గతంలో నడుము నొప్పి ఉన్నవారికి, కటి ఎముకలకు గాయమైనవారికి ముప్పు ఎక్కువ.

ఉపశమనం ఎలా?

వ్యాయామంతో నడుము నొప్పి తగ్గొచ్చని కాక్రేన్ సమీక్ష తెలిపింది. అయితే, అందుకున్న ఆధారాలు అంత బలమైనవి కావని కూడా చెప్పింది. ఫిజియోథెరపిస్ట్ సూచించే వ్యాయామాలు, నడుముకు కట్టుకునే బెల్టు కొందరికి ఉపయోగపడతాయి.

మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పక్కకు తిరిగి పడుకోవడం, కూర్చుని దుస్తులు వేసుకోవడం, మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కడం వంటివి కటి కీళ్లపై భారం తగ్గిస్తాయి. నిండు బిందెనో, పెద్ద బిడ్డనో ఒకవైపు చంకన ఎత్తుకోవడం మానుకోవడం మంచిది.

మాత్రల విషయంలో జాగ్రత్త అవసరం. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి సొంతంగా వాడకూడదు. ఈ రకం మందులను 20 వారాలు దాటాక వాడితే గర్భస్థ శిశువు మూత్రపిండాలు దెబ్బతిని, ఉమ్మనీరు తగ్గే ప్రమాదముందని అమెరికా ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. పారాసెటమాల్ అయినా డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి. నొప్పి తగ్గేందుకు రాసే కొన్ని జెల్‌లలోనూ డైక్లోఫెనాక్ ఉంటుంది.

పనిచేసే చోట హక్కు

గర్భిణి కోరితే, ప్రసవ తేదీకి సుమారు పది వారాల ముందు నుంచి కష్టమైన పనులు, ఎక్కువసేపు నిలబడాల్సిన పనులు ఆమెకు అప్పగించకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నిబంధన ఉంది. కూలి పనులు, ఇళ్లలో పనులు చేసే మహిళలకు మాత్రం ఆచరణలో ఈ రక్షణ అందడం కష్టం.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

నొప్పితోపాటు జ్వరం లేదా మూత్రంలో మంట, రక్తస్రావం, ఉమ్మనీరు కారడం వంటివి కనిపిస్తే ఆగకూడదు. 37 వారాలు నిండకముందే పొట్ట పదేపదే బిగుసుకుపోతుంటే అది నెలలు నిండని కాన్పుకు సూచన కావొచ్చు. కాళ్లలో బలహీనత, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం ఆపుకోలేకపోవడం లేదా రాకపోవడం ఉంటే అత్యవసరంగా చూపించుకోవాలి.

ప్రసవమయ్యాక చాలామందికి కొన్ని నెలల్లో నొప్పి తగ్గిపోతుంది. కొద్దిమందిలో కొనసాగుతుంది. అందుకే గర్భంతో ఉన్నప్పుడే దీనిపై మాట్లాడటం అవసరం. ప్రభుత్వ ఆసుపత్రులు, ఆరోగ్య కేంద్రాల్లో ప్రతి నెలా 9న ‘ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్’ కింద నాలుగో నెల నుంచి గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. అక్కడ ‘నడుము నొప్పి’ అని ఊరుకోకుండా, నొప్పి సరిగ్గా ఎక్కడుంది, ఏ పని చేస్తే పెరుగుతోంది, రాత్రి నిద్ర పడుతోందా అన్నది చెబితే డాక్టర్‌కు సమస్యను గుర్తించడం సులువవుతుంది.