కాంతి ఉత్ప్రేరక పూత

కాంతి ఉత్ప్రేరక పూత అనగా వెలుతురు సోకినపుడు తనను తాకిన కాలుష్య పదార్థాలను విచ్ఛిన్నం చేసే పలుచని పొర. దీనిని భవనాల గోడలు, కిటికీ అద్దాలు, పింగాణీ పలకలపై వాడుతారు. ఇందలి ముఖ్య పదార్థం టైటానియం డయాక్సైడ్. రసాయన చర్యలో తాను ఖర్చు కాదు గనుక ఇది ఉత్ప్రేరకం. దీనికి మూలమైన ఇల్మనైట్, రూటైల్ ఖనిజాలు శ్రీకాకుళం, భీమునిపట్నం తీరపు ఇసుకలలో లభిస్తాయి.

చరిత్ర

1967లో టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి అకిరా ఫుజిషిమా, నీటిలో ఉంచిన టైటానియం డయాక్సైడ్ స్ఫటికంపై కాంతి పడినపుడు నీరు ఆక్సిజన్, హైడ్రోజన్‌లుగా విడిపోవుటను గమనించాడు. గురువు కెనిచి హోండాతో కలసి వ్రాసిన పత్రం 1972లో నేచర్ పత్రికలో వెలువడింది. అతినీలలోహిత కాంతి సోకిన ఈ పూతపై నీరు బిందువులుగా నిలువక పొరవలె పరచుకొంటుందని 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2001లో పిల్కింగ్టన్ సంస్థ, తనను తాను శుభ్రపరచుకొనే అద్దాన్ని విపణిలోకి తెచ్చింది. రోమ్ నగరంలో 2003లో పూర్తయిన జూబిలీ చర్చి తెల్లని కాంక్రీటులోనూ ఈ ఉత్ప్రేరకాన్ని కలిపారు.

పనిచేసే విధానం

టైటానియం డయాక్సైడ్ ఒక అర్ధవాహకం. దాని అనటేజ్ రూపంలో ఎలక్ట్రాన్‌ను పై శక్తిస్థాయికి లేపుటకు సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అవసరం. 388 నానోమీటర్ల కంటె తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతి ఆ శక్తినిస్తుంది. లేచిన ఎలక్ట్రాన్, అది వదలిన ఖాళీ కలసి గాలిలోని ఆక్సిజన్, తేమలతో చర్య జరిపి హైడ్రాక్సిల్ రాడికల్ వంటి చురుకైన కణాలను పుట్టిస్తాయి. ఇవి సేంద్రియ మలినాలను చివరకు కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారుస్తాయి. వాహనాల పొగలోని నత్రజని ఆక్సైడ్లు నైట్రేట్లుగా మారి, వానకు కొట్టుకొనిపోతాయి.

సాధారణ తెల్లరంగులోనూ టైటానియం డయాక్సైడ్ ఉంటుంది. అయితే అది రంగులోని బంధక పదార్థాన్నే తినివేయకుండా, దాని రేణువులకు సిలికా, అల్యూమినాల తొడుగు వేస్తారు. కనుక ప్రతి తెల్లగోడా గాలిని శుద్ధి చేయదు.

పరిమితులు

సూర్యకాంతి శక్తిలో అతినీలలోహిత భాగం సుమారు 5 శాతం మాత్రమే. రాత్రివేళ, నీడలో చర్య దాదాపు ఆగిపోతుంది. దుమ్ము, నైట్రేట్లు పేరుకొన్నపుడు సామర్థ్యం తగ్గుతుంది. చర్య అసంపూర్ణమైనచో ఫార్మాల్డిహైడ్ వంటి హానికర పదార్థాలు మిగులుతాయి.

అన్నిటికంటె ముఖ్యమైనది గాలి కదలిక. మూసిన పెట్టెలో జరిపే ప్రయోగంలో గాలి అంతా పూతను తాకుతుంది. వీధిలో అధిక భాగం గోడను తాకకనే సాగిపోతుంది. బ్రస్సెల్స్‌లోని లియోపోల్డ్ సొరంగంలో జరిపిన పరీక్షలో నత్రజని ఆక్సైడ్లు గుర్తించదగినంతగా తగ్గలేదు. ఈ పూతల వలన నగరపు గాలి గణనీయంగా మెరుగుపడుతుందనుటకు తగిన ఆధారాలు లేవని బ్రిటన్ ప్రభుత్వ వాయు నాణ్యతా నిపుణుల బృందం 2016లో అభిప్రాయపడింది. కావున గోడలను, అద్దాలను శుభ్రంగా ఉంచుటకు ఈ పూత ఉపకరించినా, పొగను పుట్టుక వద్దనే తగ్గించుటకు ఇది ప్రత్యామ్నాయం కాదు.