వేట చాకు, సానరాళ్ళు: పదును చరిత్ర

వేటగాడు జేబులో పెట్టుకునే మడత చాకుకు అసలు పని జంతువు కూలాక మొదలవుతుంది. తోలు ఒలవాలి, పేగులు తీయాలి, కీళ్ళ దగ్గర మాంసం విడదీయాలి. వెంట్రుకల్లో ఇరుక్కున్న మట్టి, అడ్డొచ్చే ఎముక ఎంత మంచి అంచునైనా మొద్దుబారుస్తాయి. అందుకే ఈ చాకు చరిత్రలో ఉక్కుకు ఎంత చోటుందో, దాన్ని నూరిన రాళ్ళకూ అంతే ఉంది. ఉక్కు గట్టిపడినప్పుడల్లా పాత రాయి చాలక కొత్త రాయి కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

పిడిలోకి మడిచే చాకు చాలా పాతది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన ఎముక పిడి చాకును క్రీ.పూ. 6వ శతాబ్దం నాటిదిగా చెబుతారు. రోమన్లూ మడత చాకులు వాడారు. సానరాళ్ళ సంగతి రోమన్ రచయిత ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’ 36వ సంపుటంలో రాశాడు. క్రీట్ రాయికి నూనె కావాలి, నాక్సోస్ ద్వీపపు రాయికి నీళ్ళు చాలు, మంగలి దుకాణాల్లో ఉమ్మితోనే నూరే రకం మరొకటి ఉంది. ఉత్తర ఐరోపాకు వైకింగుల కాలం నుంచి నార్వేలోని ఐడ్స్‌బోర్గ్ గనుల రాయి ఓడల మీద వెళ్ళేది.

దక్షిణ భారతంలో సాన పట్టేవాళ్ళు రాయిని తామే తయారు చేసుకున్నారు. కురువిందం అనే గట్టి ఖనిజాన్ని పొడిగొట్టి, కరిగించిన లక్కలో కలిపి చక్రంగా చేసేవారు. మోస్ కొలమానం మీద క్వార్ట్జ్ కాఠిన్యం 7 అయితే కురువిందానిది 9. తెలుగు నేల మీద ఆ ఖనిజం అనంతపురం, ఖమ్మం ప్రాంతాల్లో దొరుకుతుంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఉక్కు, దాన్ని కోయగల ఖనిజం రెండూ తెలుగు నేల మీదే ఉండటం ఇక్కడి లోహ చరిత్రలో తగినంత గుర్తింపు రాని విషయం.

ఇంగ్లండులో చాకుల ఊరు షెఫీల్డ్. అక్కడి చాకు పనివాళ్ళ సంఘం 1624లో ఏర్పడింది. అలుగును తెరిచినచోట, మడిచినచోట నిలబెట్టే వెనక స్ప్రింగు ఆ శతాబ్దంలోనే వాడుకలోకి వచ్చింది. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో కరిగించి తీసిన ఉక్కుతో అలుగు నాణ్యత మారిపోయింది. సాన పట్టేవాళ్ళ బతుకు మాత్రం ఘోరం. ఇసుకరాతి చక్రాల దుమ్ము వాళ్ళ ఊపిరితిత్తులను తినేసింది. కాల్వర్ట్ హాలండ్ అనే వైద్యుడు 1843లో ఈ జబ్బు గురించి పుస్తకం రాశాడు. షెఫీల్డ్ పనితనాన్ని మెచ్చుకునేవాళ్ళు ఈ సంగతి దాటేయకూడదు.

అమెరికా వేటగాళ్ళకు నమ్మకమైన రాయి ఆర్కాన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్ కొండల నుంచి వచ్చింది. దాని పేరు నోవాక్యులైట్. అది దాదాపు మొత్తం సిలికా, అంటే క్వార్ట్జే. స్థానిక తెగలు దీంతోనే ఈటె మొనలు చేసుకునేవారు. మామూలు కార్బన్ ఉక్కు మీద ఇది నున్నటి, నిలిచే అంచు ఇస్తుంది. 1891లో పెన్సిల్వేనియాలో ఎడ్వర్డ్ అచిసన్ విద్యుత్ కొలిమిలో సిలికాన్ కార్బైడ్ తయారు చేశాడు. పేటెంటు 1893లో వచ్చింది. నయాగరా జలపాతం విద్యుత్తుతో ఉత్పత్తి పెరిగింది. ఇక చవకైన కృత్రిమ రాయి ఎవరి చేతికైనా అందింది.

1964లో అమెరికా చాకుల సంస్థ బక్ ‘110 ఫోల్డింగ్ హంటర్’ తెచ్చింది. ఇత్తడి కొసలు, కలప పిడి, మూడు ముప్పావు అంగుళాల అలుగు, తెరిచాక వెనక గట్టిగా పడే తాళం. మామూలు మడత చాకు ఎముక దగ్గర వేళ్ళ మీద మూసుకుపోయే ప్రమాదం దీనితో బాగా తగ్గింది. అలుగు 440సీ అనే తుప్పు పట్టని ఉక్కు. అంచు చాలాసేపు నిలిచేది గానీ, ఒకసారి మొద్దుబారితే నూరడం గగనమన్న పేరు వచ్చింది. కారణం ఆ ఉక్కులోని క్రోమియం కార్బైడ్ రేణువులు. అవి క్వార్ట్జ్ కన్నా గట్టివి. తాతల నాటి ఆర్కాన్సా రాయి ఆ రేణువుల చుట్టూ ఉన్న ఉక్కును అరగదీసేది, రేణువు దగ్గర జారిపోయేది. తర్వాత బక్ సంస్థే సులువుగా నూరుకోగల 420హెచ్‌సీ ఉక్కుకు మారింది. అది వెనకడుగని అనేవాళ్ళు ఉన్నారు. అడవిలో చిన్న రాయితోనే పదును తెచ్చుకోవాల్సిన మనిషికి మాత్రం అది సరైన నిర్ణయమే.

2001లో వచ్చిన, లోహపు పొడితో చేసే ఎస్30వీ ఉక్కు ఈ కథను ఇంకా ముందుకు నెట్టింది. అందులోని వనేడియం కార్బైడ్ కురువిందం కన్నా గట్టిది. ఆ ఉక్కును చక్కగా నూరేది వజ్రపు పొడి అద్దిన పలక. 1954లో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో కృత్రిమ వజ్రం తయారు కాకపోతే అది సామాన్యుడి సంచిలోకి వచ్చేది కాదు.

రాళ్ళు మారినా నూరే తీరు మారలేదు. వేట చాకును సాధారణంగా ఒక్కో వైపు 20 డిగ్రీల వాలున పట్టి రాస్తారు. ఒకే వైపు నూరుతూ పోతే రెండో వైపు అంచున సన్నటి ఉక్కు పొర లేస్తుంది. అది కంటికి ఆనదు. బొటనవేలిని అలుగు మీంచి అంచు బయటికి అడ్డంగా లాగితే గరుగ్గా తగులుతుంది. మొదలు నుంచి మొన దాకా ఆ గరుకు తెలిస్తేనే చాకు తిప్పాలి. చివర్లో తోలు పట్టీ మీద వెనక్కి లాగితే ఆ పొర రాలిపోతుంది. చాలామంది ఈ పొర లేవకముందే చాకు తిప్పేస్తారు, తప్పు రాయి మీద వేస్తారు.

మడత చాకులో పదునుతో పాటు కీలునూ చూసుకోవాలి. రక్తంలోని ఉప్పు తుప్పు పట్టిస్తుంది. కొవ్వు, వెంట్రుకలు, జేబులోని నూలు పీచు తాళం పడే గాడిలో పేరుకుంటే తాళం పూర్తిగా కూర్చోదు. అప్పుడు చాకు తెరుచుకున్నట్టే కనిపించి, బలంగా నొక్కగానే మూసుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, పుల్లతో గాడి గీకి, పూర్తిగా ఆరబెట్టి, కీలులో ఒక చుక్క ఖనిజ నూనె వేయాలి. వంటనూనె కొన్నాళ్ళకు జిగురై కీలును పట్టేస్తుంది.

ఆర్కాన్సాలో నోవాక్యులైట్‌ను ఇప్పటికీ తవ్వుతున్నారు. ఫ్రాన్సులోని సవోయ్‌లో 1890లో పుట్టిన ఒపినెల్ లాంటి కార్బన్ ఉక్కు చాకులు వాడేవాళ్ళకు ఆ రాయి ఈ రోజుకీ బాగా పనికొస్తుంది.