స్లొవాక్ కొరూనా (1939–1945): ముద్రలోని సార్వభౌమత్వం, ఖాతాలోని పరాధీనత

ప్రస్తావన

శిలాశాసనం నిలిపిన చోటే నిలుస్తుంది; నాణెం చేతులు మారుతూ పాలకుని పేరును ప్రతి ఇంటికీ చేరుస్తుంది. అందుచేత కొత్తగా ఏర్పడిన రాజ్యం సొంత నాణేన్ని కోరుకోవడం సహజం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మధ్య ఐరోపాలో చలామణి అయిన స్లొవాక్ కొరూనా ఈ కోరికకూ, దాని పరిమితులకూ నిదర్శనం. దాని నాణేలను, మారకపు రేటును, బ్యాంకు లెక్కలను కలిపి పరిశీలిస్తే ఆ రాజ్యపు స్వాతంత్ర్యం ఎంతవరకు వాస్తవమో తెలుస్తుంది.

పూర్వరంగం

ఆస్ట్రియా–హంగేరీ సామ్రాజ్యపు నోట్లకు ఒకవైపు జర్మన్‌తోపాటు మరి ఎనిమిది భాషలలో విలువను ముద్రించేవారు. రెండోవైపు హంగేరియన్ ఒక్కటే ఉండేది. హంగేరీ పాలనలో ఉన్న స్లొవాకుల భాషకు ఆ నోట్లపై స్థానం దక్కలేదు. సామ్రాజ్యం కూలిన తరువాత 1919లో చెకోస్లొవేకియా ఆర్థికమంత్రి అలోయిస్ రషీన్ పాత నోట్లకు స్టాంపులు అంటింపజేసి ద్రవ్యవ్యవస్థను వేరుచేశారు. ఇరవై ఏళ్ల తరువాత స్లొవేకియా కూడా ఇదే మార్గాన్ని అనుసరించింది.

1939 మార్చి 14న హిట్లర్ ఒత్తిడి నడుమ స్లొవాక్ రాజ్యం ప్రకటితమైంది. మరునాడే జర్మన్ సైన్యం చెక్ ప్రాంతాలను ఆక్రమించింది. ఏప్రిల్‌లో స్లొవాక్ జాతీయ బ్యాంకు ఏర్పడగా, ఆర్థికవేత్త ఇమ్రిఖ్ కార్వాష్ దానికి గవర్నరయ్యారు. కొత్త నోట్లు సిద్ధం కాకముందు 100, 500, 1000 కొరూనాల చెకోస్లొవాక్ నోట్లపైనే 'స్లొవాక్ రాజ్యం' అని అదనపు ముద్ర వేశారు. రాజ్యం పేరు మారింది. కింది కాగితం మాత్రం పాతదే.

నాణేలు: ప్రతిమ, లోహం

నాణేలను మధ్యయుగం నుంచి ప్రసిద్ధమైన క్రెమ్నిత్సా టంకశాలలో ముద్రించారు. 1939 నాటి 5 కొరూనాల నికెల్ నాణెంపై జాతీయోద్యమ నాయకుడైన మతాధికారి ఆంద్రెయ్ హ్లింకా, అదే ఏటి 20 కొరూనాల వెండి నాణెంపై అధ్యక్షుడు యోజెఫ్ టిసో కనిపిస్తారు. 1941 నాటి 20 కొరూనాలపై స్లావ్ భాషకు లిపినిచ్చిన సిరిల్, ఆయన సోదరుడు మెథోడియస్ ఉన్నారు. 1944 నాటి 10 కొరూనాలపై తొమ్మిదవ శతాబ్దపు నిత్రా ప్రభువు ప్రిబినా ఉన్నాడు. అయిదేళ్ల రాజ్యానికి వెయ్యేళ్ల వంశవృక్షాన్ని కల్పించే ప్రయత్నం ఇది.

చిల్లర నాణేలు మరొక కథ చెబుతాయి. 20 హాలియర్ల కంచు నాణెమూ, 50 హాలియర్ల రాగి–నికెల్ నాణెమూ యుద్ధం సాగినకొద్దీ అల్యూమినియానికి మారాయి. 1942లో 5 హాలియర్ల నాణేన్ని జింకుతో చేశారు. ప్రతిమలు ఘనకీర్తిని చాటుతుండగా లోహం యుద్ధకాలపు కొరతను బయటపెట్టింది.

మారకం, బాకీ

మొదట చెకోస్లొవాక్ కొరూనాతో సమానంగా ఉన్న ఈ ద్రవ్యాన్ని తరువాత ఒక రైఖ్స్‌మార్క్‌కు 11.62 కొరూనాల చొప్పున జర్మన్ ద్రవ్యానికి ముడిపెట్టారు. అసలు పరాధీనత క్లియరింగ్ పద్ధతిలో ఉంది. జర్మనీకి సరుకు పంపిన స్లొవాక్ వ్యాపారికి అక్కడి కొనుగోలుదారు నేరుగా సొమ్ము చెల్లించడు. ఆ మొత్తం బెర్లిన్‌లోని ఖాతాలో జమ అవుతుంది. వ్యాపారికి స్వదేశంలో జాతీయ బ్యాంకు కొరూనాలు చెల్లిస్తుంది. జర్మనీ తగినంత సరుకును తిరిగి పంపనందున ఆ జమ తీరని బాకీగా పెరిగింది. ఇక్కడ నోట్లు పెరిగాయి, వాటితోపాటు ధరలూ పెరిగాయి. ఒకరకంగా చిన్న దేశపు ప్రజలు జర్మన్ యుద్ధానికి అప్పిచ్చినవారయ్యారు.

ఈ లెక్కల్లో అతి దారుణమైనది 1942 నాటిది. తరలించిన ఒక్కొక్క యూదుకు 500 రైఖ్స్‌మార్కుల చొప్పున జర్మనీకి చెల్లించడానికి స్లొవాక్ ప్రభుత్వం అంగీకరించింది. నాటి మారకపు రేటున అది 5,810 కొరూనాలు. ఆ ఏడు మార్చి నుంచి అక్టోబరు వరకు సుమారు 58,000 మందిని తరలించారు. వారిలో అత్యధికులు తిరిగి రాలేదు. వారి దుకాణాలూ ఆస్తులూ అప్పటికే 'ఆర్యీకరణ' పేరిట పరుల పాలయ్యాయి. బాకీలు వసూలు చేసుకోలేని రాజ్యం తన పౌరులను వదిలించుకోవడానికి వెల కట్టింది.

అంత్యదశ

కార్వాష్ పదవిలో ఉంటూనే ప్రతిఘటనకు రహస్యంగా తోడ్పడ్డారు. 1944 ఆగస్టు 29న జాతీయ తిరుగుబాటు మొదలవడానికి ముందే దాని కేంద్రమైన బాన్‌స్కా బిస్త్రిత్సాకు నగదును తరలింపజేశారు. జర్మన్లు ఆయనను నిర్బంధించారు. ఆయన ప్రాణాలతో బయటపడినా, తరువాత కమ్యూనిస్టు ప్రభుత్వకాలంలోనూ కారాగారవాసం అనుభవించారు.

1945 నవంబరు 1న స్లొవాక్ కొరూనా స్థానంలో కొత్త చెకోస్లొవాక్ కొరూనా వచ్చింది. మారకం ఒకటికి ఒకటే అయినా ఒక్కొక్కరికి నగదుగా అందినది 500 మాత్రమే. మిగిలినది స్తంభింపజేసిన ఖాతాలకు చేరింది. 1953 ద్రవ్య సంస్కరణలో ఆ జమలూ రద్దయ్యాయి.

ముగింపు

1993 ఫిబ్రవరిలో స్లొవేకియా మరల సొంత కొరూనాను తెచ్చుకున్నప్పుడు కూడా మొదట పాత నోట్లకు స్టాంపులే అంటించారు. 2009లో అది యూరోకు చోటిచ్చింది. పద్ధతి ఒకటే అయినా ఈ రెండు కొరూనాలు ఒకటి కావు. మొదటిదాని ప్రతిమలను మాత్రమే చూసేవారికి అందులో జాతి గౌరవం కనిపించవచ్చు. సిరిల్, మెథోడియస్‌ల నాణెం చలామణిలో ఉన్న కాలంలోనే 5,810 కొరూనాల లెక్కా నడిచిందన్న సత్యాన్ని విస్మరిస్తే ఆ ద్రవ్యచరిత్ర అసంపూర్ణమవుతుంది.