దిఙ్నాగుడి హేతుచక్రం

వాదనలో చూపిన కారణం (హేతువు) నిలుస్తుందో లేదో తేల్చడానికి బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు (సుమారు 480–540) కూర్చిన తొమ్మిది గళ్ల పట్టిక హేతుచక్రం. సంస్కృత మూలం పోయి, టిబెటన్ అనువాదం మిగిలింది.

దిఙ్నాగుడిది కంచి ప్రాంతమని టిబెటన్ సంప్రదాయం. ఆయన్ను మన గడపలోకి తెచ్చినవాడు చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్. 7వ శతాబ్దంలో ఆంధ్ర దేశం వచ్చిన ఇతడు, వేంగీపురానికి నైరుతిగా 20 ‘లీ’ల (చైనా దూరపు కొలత) దూరంలో ఒంటికొండ, దానిపై రాతి స్తూపం ఉన్నాయనీ, దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రాసింది అక్కడేననీ చెప్పాడు. వేంగి అంటే ఏలూరు దగ్గరి నేటి పెదవేగి. బౌద్ధ గుహలనగానే గుంటుపల్లి గుర్తొస్తుంది గానీ, అది పెదవేగికి ఉత్తరాన ఉంది, దిక్కు కుదరదు.

చక్రం పనితీరు తేలికే. రుజువు చేయాల్సిన గుణం ఉన్న చోట్లు సపక్షం, లేనివి విపక్షం. హేతువు ఒక్కో పక్షంలో అంతటా ఉండవచ్చు, కొంత ఉండవచ్చు, అసలే ఉండకపోవచ్చు. మూడు మూళ్లు తొమ్మిది. ‘కొండ మీద నిప్పుంది, పొగ ఉంది కాబట్టి’ అన్నారనుకోండి. జంగారెడ్డిగూడెం పొగాకు బ్యారన్‌లో నిప్పూ పొగా రెండూ ఉంటాయి. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుములో నిప్పే ఉంటుంది. కొల్లేటి నీటిలో రెండూ లేవు. అంటే హేతువు సపక్షంలో కొంత ఉంది, విపక్షంలో బొత్తిగా లేదు: ఎనిమిదో గడి, సద్ధేతువు. (శీతకాలపు ఉదయం కొల్లేటి మంచును చూసి పొగ అనుకుంటే అది వేరే తప్పు, హేతువే అసిద్ధం, అంటే అక్కడ లేనే లేదు.) అదే వాదనను తిప్పి, ‘నిప్పుంది కాబట్టి పొగ ఉంది’ అంటే, పొగలేని ఇనుము అడ్డొస్తుంది. అది మూడో గడి, అనైకాంతికం (ఎటూ తేల్చనిది). తొమ్మిదిలో నెగ్గేవి రెండూ ఎనిమిదీ మాత్రమే. నాలుగూ ఆరూ విరుద్ధాలు. మిగిలిన ఐదూ ఎటూ తేల్చనివి.

పడమటి తర్కంలో అరిస్టాటిల్ పరీక్ష వాక్యాల ఆకారానిది. మూడు వాక్యాల వాదనకున్న 256 రూపాల్లో ఆయన సంప్రదాయం 24 నిలుస్తాయంది. 1880లో జాన్ వెన్ ఆ పనికి వలయాలు గీశాడు. బ్యాంకు పరీక్షలకు తయారయ్యే పిల్లలు ఇప్పటికీ గీస్తున్నవి అవే. దిఙ్నాగుడు ఆకారంతో ఆగక ఉదాహరణ అడిగాడు. అదీ చాలదన్నాడు 7వ శతాబ్దపు ధర్మకీర్తి: ఎన్ని చోట్ల చూశామన్నది కాదు, పొగ నిప్పు నుంచే పుడుతుందన్న సంబంధం తెలియాలి.

17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో విపక్షానికి మడుగునే చూపాడు. నిప్పు నుంచి పొగను రుజువు చేయబోతే దాగిన షరతు ఒకటుందనీ చెప్పాడు: కట్టె పచ్చిదై ఉండాలి.