గడపకు చేరిన ఉపశమనము

గంగాతీరమందలి గాజీపురములోను, మాళవభూమియందలి నీమచ్‌లోను ప్రభుత్వ కర్మాగారములు నల్లమందును సిద్ధపరచి విదేశములకు ఎగుమతి చేయుచుండగా, దానినుండియే లభించు మార్ఫిన్ దొరకక ఈ దేశపు క్యాన్సరు రోగులు అనేకులు చిరకాలము రాత్రింబవళ్లు నొప్పితో పొరలాడిరి. ఈ వైపరీత్యము ఎట్లు కలిగినది, దానినుండి బయటపడు త్రోవను కొన్ని పేదదేశములు ఎట్లు కనుగొన్నవి అను విచారణయే ఉపశమన చికిత్సా చరిత్రలో మనకు మిక్కిలి ముఖ్యమైన భాగము.

1967లో లండనునందు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను, అనగా అంత్యదశ రోగుల సేవాలయమును, స్థాపించిన సిసిలీ సాండర్స్, రోగము కుదురుట అసాధ్యమైనను రోగి బాధను తగ్గించుట సాధ్యమే యనియు, ఆ బాధలో దేహపు నొప్పితోపాటు మనోవ్యథయు, కుటుంబచింతయు పెనవేసికొని యుండుననియు నిరూపించిరి. ఆ భావము 1979లో నేటి జింబాబ్వేకును, 1986లో శాంతి అవేదన ఆశ్రమ రూపమున బొంబాయికిని చేరినది. ఆ 1986లోనే ప్రపంచ ఆరోగ్యసంస్థ, నొప్పి తీవ్రతనుబట్టి మూడుమెట్లుగా మందుల నిచ్చు పద్ధతిని ప్రకటించినది. కాని అంతకు ముందటి సంవత్సరమే మన దేశమున వెలువడిన మాదకద్రవ్య చట్టము, దుర్వినియోగమును అరికట్టు తొందరలో, మార్ఫిన్‌కు లైసెన్సు వెంట లైసెన్సును విధించినది. కఠినశిక్షలకు వెరచి ఆస్పత్రులును, ఔషధశాలలును దాని నుంచుకొనుటయే మానినవి.

త్రోవ కోజికోడున దొరకినది. 1993లో అచటి వైద్యకళాశాలలో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మొదలగువారు నొప్పినివారణ క్లినిక్‌ను ఆరంభించిరి. రోగి ఆస్పత్రికి రాలేని దశయే అతనికి చికిత్స మిక్కిలి యవసరమగు దశ యని వారికి త్వరలోనే తేటపడినది. పిదప కేరళమంతట అల్లుకొనిన ఇరుగుపొరుగు సంఘములలో సామాన్యజనులు శిక్షణ పొంది, వారమునకు కొన్ని గంటలు వెచ్చించి, నర్సుకు తోడుగా ఇండ్లకు వెళ్లుట, రోగి యింట బియ్యము నిండుకొనినచో సాయము కూర్చుట, పిల్లల చదువు ఆగకుండ చూచుట తమ పనిగా జేసికొనిరి. 2008లో కేరళ ప్రభుత్వము ఉపశమన చికిత్సా విధానమును ప్రకటించుటతో, ఈ బాధ్యత పంచాయతీలకును సంక్రమించినది.

ఆ 1993లోనే డాక్టర్ ఆన్ మెరిమన్ ఉగాండాలో హాస్పిస్ ఆఫ్రికాను స్థాపించి, మార్ఫిన్ పొడిని నీట కలిపి చవుకగా సీసాలలో ఇచ్చు పద్ధతిని నెలకొల్పిరి. వైద్యులు అరుదైన ఆ దేశము, 2004లో, ప్రత్యేకశిక్షణ పొందిన నర్సులకును మార్ఫిన్‌ను వ్రాసియిచ్చు అధికారము నొసగినది.

మన దేశపు మాదకద్రవ్య చట్టము 2014లో సవరింపబడి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు ఒక్క అనుమతియే చాలునను వెసులుబాటు కలిగినది. తెలంగాణలో జిల్లా కేంద్రములందు ఉపశమన విభాగములు వెలసి, ‘ఆలన’ వాహనములలో నర్సులు రోగుల ఇండ్లకు పోవుచున్నారు. అయినను, ప్రపంచమున ఏటేట పంపిణీయగు మార్ఫిన్‌జాతి మందులు 298.5 టన్నులు కాగా, అత్యల్పాదాయ దేశములకు చేరునది 0.1 టన్ను మాత్రమేనని 2017లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము వెల్లడించినది. ఆ మందు ఖరీదైనది కాదు. దానిని వాడు విద్యయు దుర్లభము కాదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునను మార్ఫిన్‌ను, దానిని నిర్భయముగా వాడనేర్చిన నర్సును ఉంచుట ప్రభుత్వముల విధి. ఆ నర్సు వెంట నడచుట ఇరుగుపొరుగువారి ధర్మము.