కుంట, బాగ్, నాలా: చిక్కడపల్లి – నారాయణగూడ పరిసరాల జలచరిత్ర, పునరుజ్జీవన యత్నాలు

ఉపోద్ఘాతం

మనిషి వాడకం వల్ల జీవం కోల్పోయిన నేలను తిరిగి ప్రకృతి గమనానికి అప్పగించే ప్రయత్నాన్ని ఇటీవలి పర్యావరణ అధ్యయనాలు పునర్వన్యీకరణ అని వ్యవహరిస్తున్నాయి. తెలుగు నేలపై ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ గ్రామీణమైనది. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని చెన్నేకొత్తపల్లి సమీపంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, చుట్టుపట్ల గ్రామాల ప్రజలతో కలిసి కల్పవల్లి పేరిట వేల ఎకరాల బోడి గుట్టలను పచ్చబరచింది. అక్కడి పనిలో మొక్కలు నాటడం కంటె కాపలాకే ప్రాధాన్యం ఎక్కువ. వేసవి మంటలను ఆర్పడం, చెట్ల నరికివేతను ఆపడం, మేతకు కట్టుబాట్లు పెట్టుకోవడం అందులో ముఖ్యమైనవి. కాచుకునే మనుషులు ఉన్నచోట నేల చాలావరకు తనంతట తానే కోలుకుంటుందని ఆ అనుభవం తెలియజేసింది.

ఈ సూత్రం నగరానికి ఏ మేరకు వర్తిస్తుందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. అందుకు హైదరాబాదులోని చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ పరిసరాలను క్షేత్రంగా తీసుకోవడం జరిగింది. ఈ పేటల చరిత్రను సాధారణంగా సంస్థల చరిత్రగానే చెప్పుకుంటాం. 1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో నెలకొల్పిన బాలికల పాఠశాల, చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ ఆ చరిత్రకు గుర్తులు. ఈ సంస్థల పక్కనుంచే హుస్సేన్ సాగర్ మిగులు నీరు మూసీకి పోతుంది. ఆ నీటి చరిత్రను కూడా చేర్చుకుంటే తప్ప ఈ ప్రాంతంలో పునరుజ్జీవనం అనే మాటకు అర్థం ఏమిటో తేలదు. నగరంలో పునర్వన్యీకరణ అంటే ముందుగా నీటికి చోటు తిరిగి ఇవ్వడమేననీ, చెట్లు నాటడం దాని తర్వాతి పని అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పేర్లలో నిలిచిన నేల

ఒక ప్రాంతపు పూర్వరూపం తెలుసుకోవడానికి స్థలనామాలు తొలి ఆధారం. హుస్సేన్ సాగర్ కట్ట దిగువ నుండి మూసీ దాకా నడిస్తే ఎదురయ్యే పేర్లు గమనించదగినవి. దోమలగూడ, బాగ్ లింగంపల్లి, నల్లకుంట, బాగ్ అంబర్‌పేట అనే ఈ పేర్లలో రెండు బాగ్‌లు, ఒక కుంట, ఒక దోమల ఊరు ఉన్నాయి. చిక్కడపల్లి పేరును కూడా బురద అనే అర్థమిచ్చే చిక్కడ్ శబ్దంతో ముడిపెట్టి చెప్పడం ఉంది. ఇది జనవ్యుత్పత్తి కనుక దానిపై వాదన నిలబెట్టనవసరం లేదు. అర్థం పారదర్శకంగా ఉన్న పేర్లే చాలు. తోటలు, కుంటలు, తడినేలలు కలిసిన భూమిని అవి సూచిస్తున్నాయి.

భూస్థితి కూడా ఇదే చెబుతుంది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో కట్టిన హుస్సేన్ సాగర్ హైదరాబాదు నగరం కంటె దాదాపు మూడు దశాబ్దాలు పెద్దది. మూసీ నుండి బల్కాపూర్ కాలువ ద్వారా దానికి నీరు తెచ్చారు. తాగునీటికి, సాగునీటికి పనికివచ్చిన ఆ చెరువు నిండితే మిగులు నీరు మత్తడి దాటి, నేటి అశోక్‌నగర్, దోమలగూడ, హిమాయత్‌నగర్, నారాయణగూడ, నల్లకుంటల పల్లపు భాగాల మీదుగా అంబర్‌పేట వైపు మూసీలో కలిసేది. అంటే మూసీలో పుట్టిన నీరు కాలువగా వచ్చి, చెరువుగా నిలిచి, వాగుగా మళ్లీ మూసీకే చేరేది. నేడు మనం నాలా అని పిలుస్తున్నది ఈ వలయంలోని చివరి అంచె.

వాగు నాలాగా మారిన క్రమం

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద ఈ చరిత్రలో ఒక మలుపు. ఆ నది పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగాయని మోక్షగుండం విశ్వేశ్వరయ్య నమోదు చేశారు. గొలుసుకట్టు చెరువులలో ఒకటి తెగితే దాని భారం కింది చెరువుపై పడుతుందన్న సత్యాన్ని ఆ విపత్తు నగరానికి నేర్పింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన పురపాలక పటాలలో ఇళ్లతో పాటు బావులు, తోటలు, కాలువలు కూడా నమోదయ్యాయి. నగర జలచరిత్ర పరిశోధకులకు ఆ పటాలు నేటికీ ప్రధాన ఆధారం.

వరద నివారణకై మూసీపై కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీపై కట్టిన హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వాటితో నగరానికి తాగునీరు కూడా సమకూరింది. 1930 నాటికి హుస్సేన్ సాగర్ తాగునీటి వనరుగా ఉండడం మానింది. ఈ మార్పు ప్రభావం కట్ట దిగువన బాగా కనిపిస్తుంది. తాము తాగే నీరు కాని దానిని శుభ్రంగా ఉంచవలసిన అవసరం నగరానికి తోచలేదు. అదే దశాబ్దంలో ఆజమాబాద్ పరిశ్రమల వాడ వెలసింది. వజీర్ సుల్తాన్ పొగాకు కర్మాగారం 1930లో స్థాపితమైంది. పరిశ్రమలతో పాటు కార్మికుల బస్తీలు వచ్చాయి. స్వాతంత్ర్యానంతరం ఉద్యోగుల, మధ్యతరగతి వారి కాలనీలు పెరిగాయి. పొలాలకు పారిన వాగు క్రమంగా మురుగు మోసే నాలా అయింది.

ఈ మార్పు వెనుక ఆరోగ్య దృష్టి కూడా ఉంది. మలేరియా క్రిమిని దోమలో 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ కనుగొన్నారు. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రి ఆయన పేరునే ధరించింది. నిలువనీరు వ్యాధికి మూలమన్న జ్ఞానం ఎన్నో ప్రాణాలను కాపాడింది. అయితే కప్పలు, చేపలు, తూనీగలు ఉన్న సజీవమైన కుంటకు, మురుగు నిలిచిన గుంటకు మధ్య గల భేదాన్ని పట్టణ పాలన పాటించలేదు. రెండింటినీ పూడ్చవలసిన పల్లంగానే చూసింది. నల్లకుంటలో కుంట పోయి పేరు మిగలడం ఈ దృష్టికి ఫలితమే.

పచ్చదనం, నీరు: విడిపోయిన రెండు లెక్కలు

ఈ ప్రాంతంలో ప్రకృతికి ప్రభుత్వం కేటాయించిన పెద్ద స్థలం దోమలగూడలోని ఇందిరా పార్కు. 1975 సెప్టెంబరులో నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్ శంకుస్థాపన చేయగా, 1978లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. దీని విస్తీర్ణం 76 ఎకరాలు. చుట్టూ ఇరుకైన పేటలున్న చోట ఇంత పచ్చదనం మిగలడం సామాన్యమైన విషయం కాదు. పొద్దున నడిచేవారికి, పరీక్షలకు చదువుకునే యువతకు, పక్షులకు ఇదే ఊపిరి. కాని పార్కు ఒక గోడ లోపలి ప్రకృతి. గోడ బయట వాగుకు మాత్రం అటువంటి రక్షణ దొరకలేదు. చెట్ల లెక్క ఒకరి చేతిలో, నీటి లెక్క మరొకరి చేతిలో పడ్డాయి.

దీని పర్యవసానం 2000 ఆగస్టు 24న వెల్లడైంది. ఇరవై నాలుగు గంటలలో 241.5 మిల్లీమీటర్ల వాన కురిసింది. హుస్సేన్ సాగర్ మిగులు నీరు అశోక్‌నగర్, దోమలగూడ, హిమాయత్‌నగర్ పల్లపు వీథులలోకి చేరింది. నీరు వచ్చిన దారి కొత్తది కాదు. 1562 నుండి అది నడిచిన దారే. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన వానకు ఇదే అనుభవం పునరావృతమైంది. అటు తర్వాత నాలాల అభివృద్ధికి ప్రత్యేక పథకం రూపొంది, హుస్సేన్ సాగర్ నాలాకు ఇరుపక్కలా కాంక్రీటు రక్షణ గోడలు లేచాయి. నీళ్లు ఇంట్లోకి వచ్చిన కుటుంబానికి ఆ గోడ అవసరం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. అయినా నేలలోకి ఇంకవలసిన నీటిని గోడ ఇంకనివ్వదు, వేగంగా దిగువకు తోస్తుంది. ఎగువ పేట భయం దిగువ పేటకు బదిలీ అవుతుంది. 1908 నేర్పిన గొలుసు పాఠం ఇక్కడా వర్తిస్తుంది.

ఇదే కాలంలో, 2023 ఆగస్టు 19న, ఇందిరా పార్కు నుండి అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్డు మీదుగా విఎస్‌టి వరకు రెండు కిలోమీటర్లకు పైబడిన ఉక్కు వంతెన ప్రారంభమైంది. దీనికి సుమారు 450 కోట్ల రూపాయలు వ్యయమైంది. రాకపోకల ఇబ్బంది తీర్చడానికి నగరం ఆకాశంలో దారి వెదుక్కుంది. నీటికి అటువంటి ప్రత్యామ్నాయం లేదు. అది పల్లానికే పోవాలి.

బతుకమ్మ కుంట: ఒక పునరాగమనం

నారాయణగూడ దాటి నల్లకుంట మీదుగా బాగ్ అంబర్‌పేట చేరితే ఈ చరిత్రలో భిన్నమైన ఘట్టం కనిపిస్తుంది. 1962–63 నాటి లెక్కల ప్రకారం బతుకమ్మ కుంట విస్తీర్ణం 14 ఎకరాల 6 గుంటలు. చెత్త, కట్టడాల శిథిలాలు పడి, ఆక్రమణలకు లోనై, వివాదాలలో చిక్కి, చివరకు 5 ఎకరాల 15 గుంటలు మాత్రమే మిగిలింది. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థ ఈ కుంట పునరుద్ధరణను చేపట్టింది. 2025 ఫిబ్రవరిలో తవ్వకం మొదలైనప్పుడు కొద్ది అడుగుల లోతులోనే నీరు ఊరింది. పైన పొదలు, శిథిలాలు తప్ప ఏమీ కనిపించని నేల కింద కుంట బతికే ఉందన్నమాట. అదే ఏడు సెప్టెంబరు చివరి వారంలో, బతుకమ్మ పండుగ రోజులలో, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి దాన్ని ప్రజలకు అంకితం చేశారు.

ఈ ఘట్టానికి పండుగతో గల సంబంధం యాదృచ్ఛికం కాదు. బతుకమ్మకు రెండు ఉమ్మడి వనరులు కావాలి. గునుగు, తంగేడు పూసే బీడు ఒకటి, పేర్చిన పూలను సాగనంపే నీరు రెండవది. తోటమాలి పెంచే పూలు కావవి, చేలగట్ల మీద, గుట్టల మీద తమంత తాము పూసేవి. కాబట్టి ఈ పండుగ వన్యతను, జలాన్ని ఏటా ఒకసారి లెక్క చూసుకునే సామాజిక వ్యవస్థ కూడా. నగరంలో పూలు అంగడిలో దొరుకుతాయి. నీరు అలా దొరకదు. కుంట కనుమరుగైన దశాబ్దాలలోనూ ఆ పేరు చెరగకపోవడానికి కారణం ఈ ఆచారమేనని భావించవచ్చు. పాత రికార్డులలోని విస్తీర్ణం, ప్రజల నోటిలోని పేరు కలిసినచోట పునరుద్ధరణకు ఆధారం దొరికింది. నల్లకుంటకు ఆ పేరుతో ముడిపడిన ఆచారం మిగలలేదు, కుంటా మిగలలేదు.

సికింద్రాబాదు వైపు బన్సీలాల్‌పేట మెట్ల బావి చరిత్ర కూడా దీనికి దగ్గరగా ఉంది. చెత్తతో పూడిపోయిన ఆ బావిని పురపాలక సంస్థ, రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ అనే పౌర ప్రయత్నం కలిసి బాగుచేశాయి. 2022 డిసెంబరు 5న అది తిరిగి తెరుచుకుంది. చెత్త తీసిన తర్వాత అక్కడా నీరు ఊరింది.

ఎవరి నేల, ఎవరి నష్టం

పునరుద్ధరణ అనే మాట అందరికీ ఒకే విధంగా వినిపించదు. నాలా అంచున, శిఖం భూమిలో ఉన్నవారిలో అధికారాన్ని అడ్డుపెట్టుకొని ఆక్రమించినవారు ఉన్నారు, వేరే చోట నేల కొనలేక కష్టార్జితంతో గూడు కట్టుకున్నవారూ ఉన్నారు. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మూసీ గర్భంలోని ఇళ్లకు గుర్తులు వేసి కొన్ని కుటుంబాలను రెండు పడకగదుల ఇళ్లకు తరలించినప్పుడు రేగిన ఆందోళన ఈ భేదాన్ని స్పష్టం చేసింది. ఇల్లు దొరికినా పని దూరమైతే, పిల్లల బడి మారితే బతుకు కుంటుపడుతుంది. బతుకమ్మ కుంట విషయంలో పోయిన భాగాన్ని తిరిగి రాబట్టకుండా మిగిలిన నేలనే తవ్వడం ఈ చిక్కుకు ఒక మధ్యేమార్గం. కుంట సగానికి తక్కువగానే తిరిగి వచ్చింది, కాని చుట్టూ ఉన్నవారు దాని ఒడ్డున నిలబడి బతుకమ్మ ఆడగలిగారు. కాపలాకు కావలసిన మనుషులు ఈ విధంగానే దొరుకుతారు.

ఇతర దేశాల అనుభవం నుండి ఒక హెచ్చరిక గ్రహించవచ్చు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో రహదారి కింద కప్పిన చోంగ్యేచోన్ వాగును, పై వంతెనను కూల్చి, 2005లో 5.8 కిలోమీటర్ల మేర తిరిగి వెలుగులోకి తెచ్చారు. నగరాల పునరుద్ధరణకు అది ఆదర్శంగా నిలిచింది. అయితే అందులో పారే నీటిలో అధిక భాగం హాన్ నది నుండి యంత్రాలతో తోడి పోసేది. అక్కడి చిరువ్యాపారులు స్థలం కోల్పోయారు. చూడముచ్చటగా ఉండడం, జీవవంతంగా ఉండడం ఒకటి కావని ఇది సూచిస్తుంది. మూసీ సుందరీకరణ గురించి ఆలోచించే కాలంలో ఈ భేదం మరవరానిది.

ఉపసంహారం

పై పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ పరిసరాలలోని వరదలు కేవలం ఆకస్మిక విపత్తులు కావు. ఒక ప్రాచీన నీటి వ్యవస్థ తన దారిని తిరిగి కోరిన సందర్భాలు అవి. రెండవది, పచ్చదనాన్ని నీటి నుండి విడదీసిన ఉద్యానాలు ఊరటనిస్తాయి గాని నేలను కోలుకోనివ్వవు. మూడవది, కల్పవల్లి గుట్టలకు, బతుకమ్మ కుంటకు సమానమైన అంశం ఉమ్మడి హక్కును గుర్తుంచుకున్న సమాజం.

2012లో వెలువడిన 168వ ప్రభుత్వ ఉత్తర్వు పది మీటర్లకు మించిన వెడల్పు గల నాలాకు అంచునుండి 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు గలదానికి 2 మీటర్లు ఖాళీగా ఉంచాలని నిర్దేశించింది. ఈ 9 మీటర్ల పట్టీయే నారాయణగూడ వంటి పేటలో మిగలగల ఉమ్మడి నేల. దానిని ఇరుకు బస్తీల పిల్లలు ఆడుకునే చోటుగా, వాన ఇంకే మట్టిగా, గునుగు మొలిచే గట్టుగా కాపాడుకోవడం సాధ్యమే. అందుకు ప్రభుత్వ నిధి ఎంత అవసరమో, నాలాను మురుగు కాలువగా కాక వాగుగా గుర్తించే స్థానిక సంఘాల నిత్య కాపలా అంతే అవసరం. ఆ కాపలాలో నాలా ఒడ్డున నివసించేవారికి తొలి స్థానం దక్కాలి. వారిని తొలగించి చేసే పునరుద్ధరణకు ఆ తర్వాత కాపలాదారులు మిగలరు.