కోడిపుంజు, ఎద్దు, ఒక బండ్లబాట

నమ్మదగని వృత్తాంతమును గాని, పని యెగవేసినవాడు చెప్పెడి పొంతనలేని సాకును గాని మనవారు పుక్కిటి పురాణమనియు కాకమ్మ కథయనియు త్రోసిపుచ్చునట్లే, ఇంగ్లండువారు దానిని ‘కాక్ అండ్ బుల్ స్టోరీ’, అనగా కోడిపుంజు, ఎద్దుల కథ, యని యందురు. ఈ రెండు జీవములకును పొత్తెట్లు కుదిరినదని యడిగినవారికి, లండనునకు వాయవ్యముగా సుమారు 50 మైళ్ల దూరమున బకింగ్‌హాంషైరు సీమలో నున్న స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్ పట్టణమువారు తమ పెద్దవీధిని చూపుదురు. ఆ వీధిలో కొలదియిండ్ల యెడముతో ‘కాక్’ అనియు ‘బుల్’ అనియు రెండు పాత బసలున్నవి. గుఱ్ఱపుబండ్ల కాలమున నొక బసలో ప్రయాణికులు చెప్పుకొన్న వార్త రెండవ బసకు చేరునప్పటికి రెట్టింపై, మరల మొదటిదానికి వచ్చునప్పటికి కన్నతల్లియే గుర్తింపరానిదై యుండెడిదనియు, అందుచేత నా రెండు పేర్లును కల్లకథలకు బిరుదుగా నిలిచినవనియు వారి వాదము. వినుటకు మిక్కిలి యింపుగా నున్నది; ఆ యింపే నాకు మొదటి యనుమానము కలిగించినది.

పట్టణము మాత్రము కల్పితము గాదు. రోమనులు వేసిన వాట్లింగ్ స్ట్రీట్ అను ప్రాచీన రాజమార్గము గ్రేట్ ఊజ్ నదిని రాతిరేవున దాటుచోట నీ యూరు వెలసినది. 1290లో ఎలినార్ రాణి పార్థివదేహము లండనునకు పోవుచు మార్గమధ్యమున నాగిన తావులలో నిదియు నొకటి యగుటచే, ఎడ్వర్డు రాజు భార్య స్మృతికై యిచట శిలువస్తంభము నెత్తించెను. 1483లో పండ్రెండేండ్ల బాలరాజు అయిదవ ఎడ్వర్డు లండనునకు పోవుచు నిచట విడిసియుండగా, పినతండ్రి యగు గ్లాస్టరు ప్రభువు రిచర్డు వచ్చి, నీ చుట్టునున్నవారు కుట్ర పన్నుచున్నారని నమ్మబలికి, బాలుని పరివారమును బంధించి, అతనిని తన వశము చేసికొనెను. తరువాత నా బాలుడు లండను కోటలో కనుమరుగయ్యెను. రిచర్డు సింహాసన మెక్కెను. కట్టుకథలకు జన్మస్థానమని చెప్పుకొనదలచిన పట్టణము ఈ సంగతిని విడిచి కోడిని, ఎద్దును పట్టుకొనుట వింతయే!

ఈ యూరికి అన్నము పెట్టినది బాట. 1742లో నొక మహాగ్నిప్రమాదమున పట్టణములో పెద్దభాగము కాలిపోయి, మేరీ మాగ్డలీన్ దేవాలయమునకు గోపురము మాత్రమే మిగిలెను. అయినను బాటపై రాకపోకలు నిలువలేదు గనుక ఊరు మరల లేచెను. 1784లో జాన్ పామరు అనునాతడు తపాలా సంచులను వేగముగా పోవు నాలుగు గుఱ్ఱముల బండ్లపై పంపు పద్ధతిని నెలకొల్పినది మొదలు, 1801లో ఐర్లండు బ్రిటనుతో నేకమైన పిమ్మట డబ్లినునకు ఓడలు బయలుదేరు రేవగు హోలీహెడ్డునకు పోవు త్రోవను టెల్ఫర్డు అను స్థపతి బాగుచేయువరకును, ఆ వీధికి మహోచ్ఛ్రాయ దశ.

ఆ బండి వచ్చుట చూడదగిన యుత్సవము. లోపల నలుగురు, పైకప్పుపై ఎండకును వానకును ఓర్చువారు తక్కువ కూలి చెల్లించినవారు, వెనుక ఎఱ్ఱకోటు తొడిగిన తపాలా కావలివాడు, చేత కొమ్ముబూర, ప్రక్కను తుపాకి, మెడసంచిలో తాళము వేసిన గడియారము. బూర వినబడగానే సుంకపు గేటువాడు తలుపు తెఱచి పట్టుకొనవలెను. తపాలా బండి సుంకము చెల్లింపదు, ఆగదు. పది మైళ్ల కొకసారి గుఱ్ఱములను మార్చవలెను గనుక, బస పెరటిలో సాలవాండ్రు క్రొత్త గుఱ్ఱములను జీనుపట్టెడలతో సిద్ధము చేసి నిలిచియుందురు. చెమటలు క్రక్కుచున్న జంతువులను విప్పి వీనిని కట్టుటకు పట్టు సమయము కొలది నిమిషములే. ఆ కొలది నిమిషములలోనే ప్రయాణికుడు గొంతు తడుపుకొనవలెను, వార్త యొకటి యిచ్చి యొకటి పుచ్చుకొనవలెను.

ఆ వార్తకు గిరాకి యేల యన, వార్తాపత్రిక బీదవాని కందునది కాదు. 1712 నుండియు పత్రికలపై ముద్రసుంకముండెను. అది పెరిగి పెరిగి 1815లో ప్రతికి 4 పెన్నీలయ్యెను. నెపోలియనుతో యుద్ధము జరుగుచున్న దినములలో జయవార్త మోయు బండ్లను పూలపట్టీలతోను పచ్చని రెమ్మలతోను అలంకరించి తరుమగా, ఊరూర జనము గుమిగూడి కేకలు వేయుచు వార్త నందుకొనెడివారు. అట్టి బండిపై ప్రయాణించిన డిక్విన్సీ అను రచయిత 1849లో తన యనుభవమును వ్రాయుచు, తలవేరా యుద్ధములో కుమారుడున్న యొక తల్లికి అతని పటాలపు పరాక్రమమును మాత్రమే చెప్పి, దానిలో చచ్చినవారి సంఖ్యను దాచితినని తెలిపినాడు. బండిమీది వార్త యెట్లు తప్పిపోవునో దీనివలన బోధపడును: కల్పించుటకు ముందుగా, దయచేతనైనను భయముచేతనైనను, కొంత విడుచుట యుండును. మన కాశీమజిలీ కథలలో మజిలీకొక కథ దొరకినట్లు, ఆ బాటపై బసకొక వార్త దొరకెడిదనుటలో సందేహము లేదు.

అయినను ఆ నుడికారము నీ పెరటిలో కట్టివేయుటకు కాలము ఒప్పుకొనదు. రాబర్ట్ బర్టను విషాదరోగమును గూర్చి 1621లో ప్రకటించిన మహాగ్రంథమున, మధుశాలలలో ప్రొద్దుపుచ్చువారిని వర్ణించుచు కోడి, ఎద్దుల ముచ్చటను ప్రస్తావించినాడు. క్రమము తప్పక నడచు ప్రయాణికుల బండ్లు ఇంగ్లండున వ్యాపించినది ఆ శతాబ్దము సగము గడచిన పిమ్మటనే. రౌతులు అంతకు పూర్వమును బసలలో దిగలేదా యని పట్టణాభిమానులు వాదింపవచ్చును; కాని బర్టను ఏ యూరి పేరును తలచినవాడు కాడు. అంతకును ముందు, పదునారవ శతాబ్దిలోనే, పొందిక లేని ముచ్చటను ఫ్రెంచివారు కోడినుండి గాడిదకు దుముకుటయని యనెడివారు. క్లెమాఁ మరో అను కవి ఆ పేరిట వ్యంగ్యలేఖలను పద్యములుగా వ్రాసినాడు. స్కాట్లండువారు ఆ మాటనే ‘కాకలేన్’ అని తెచ్చుకొనిరి. గాడిద యెచట నెద్దుగా మారినదో గాని, కోడి మాత్రము ఫ్రాన్సునుండి వచ్చినదని నా నమ్మకము. బండ్ల కాలమునకు నుడికారము పుట్టుట యటుండగా ముదిరియే యుండెను: 1759 మొదలు 1767 వరకు తొమ్మిది సంపుటములుగా వెలువడిన ట్రిస్ట్రమ్ షాండీ నవలను లారెన్సు స్టెర్ను ఈ కోడితోను ఎద్దుతోనుగాని ముగింపలేదు.

బండ్ల వైభవము రెండు దెబ్బలకు కూలినది. 1836లో పత్రికల సుంకము ఒక పెన్నీకి దిగెను. 1838లో లండను, బర్మింగ్‌హాముల నడుమ రైలుమార్గము పూర్తియై, స్టోనీ స్ట్రాట్‌ఫర్డును విడిచి రెండుమైళ్ల దూరమున నున్న వుల్వర్టను మీదుగా పోయెను. అచటనే రైలుబండ్ల కర్మాగారము వెలసెను. గుఱ్ఱములు పోయిన సాలలు వట్టివయ్యెను. ఊరిలోని పనివాండ్రు వుల్వర్టనునకు దారిపట్టిరి. వారి కొఱకు 1887లో ఆ పెద్దవీధినుండియే ఆవిరి ట్రామునొకదానిని నడిపి, 1926లో మానివేసిరి. 1967లో ప్రభుత్వము నిర్మింప దలపెట్టిన మిల్టన్ కీన్స్ నవనగరపు టెల్లలలో నీ యూరు చేరిపోయినది. బసలు రెండును పాత పేర్లతోనే యున్నవి, అడిగినవారికి కథ చెప్పుచునే యున్నవి.